రైల్లో కూర్చోబెట్టిన మనిషి

రెండు గంటల ప్యాసింజరు గంట లేటని పోర్టరు ఏసేపు చెప్పిపోయాడు. కంబన్నకు ఒక్క క్షణం ఊపిరి తీసుకున్నట్టయింది గాని, ఆ గంటసేపూ ప్లాటుఫారం ఆ కొసన కొళాయి పక్కన కూర్చున్న భీమక్కను చూస్తూ ఉండాలి గదా అని తోచగానే ఆ సుఖం కూడా పోయింది. బడి ఒంటిపూట. పన్నెండింటికి వదలగానే అన్నం తినకుండా ఇటు వచ్చేశాడు. వేళ్లకు సుద్ద ఇంకా అలాగే ఉంది. ఆ వేళ్లతోనే కవరు పట్టుకున్నందువల్ల సంపాదకుడి పేరు మీద తెల్లటి మచ్చ పడింది, తుడిస్తే సిరా కూడా అలుక్కుపోతుందేమోనని తుడవలేదు. కవరులో పద్నాలుగు కాగితాలు, వారపత్రికకు తాను రాస్తున్న నవల ముప్పై రెండో వారం. బండి కోసిగిలో ఆగేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో బండికి తగిలించిన టపా పెట్టె దగ్గరికి పోయి లోపలి గుమాస్తా చేతికి అందిస్తే సోమవారానికి మద్రాసులో పత్రికాఫీసు బల్లమీద ఉంటుంది. ముప్పై ఒక్క వారాలు అలాగే అందించాడు, ఒక్క వారం తప్పలేదు. తప్పడం అతనికి చేతకాదు. బడికి గాని, పెళ్లికి గాని, చావుకు గాని దేనికీ ఆలస్యంగా పోయిన మనిషి కాదు. బండి వస్తుంది, ఇస్తాడు, ఇంటికి పోయి పడుకుంటాడు. అంతే కావలసింది. కాని ఆ కొసన ఆమె కూర్చుని ఉంది, ఒళ్లో గుడ్డలో చుట్టిన రెండు జొన్నరొట్టెలతో, ఆరు వారాలుగా రోజూ కూర్చుంటున్నట్టే, ఇరవై ఆరో వారంలో కంబన్న రైలెక్కించిన మనిషి దిగుతాడేమోనని.

ఆ మనిషి పేరు నవల్లో సోమశేఖరం. ఆమెకు మాత్రం అతను బసవన్న, తన మొగుడు. కరువు సంవత్సరం, గంజికేంద్రం మూతబడిన నెలలో తుంగభద్ర కాలువ పనికని పదిమంది ఈ స్టేషనులోనే బండెక్కారు, తొమ్మిదిమంది తిరిగొచ్చారు. వాళ్లలో ఒకడు షోలాపూరు మిల్లుకు పోయినాడన్నాడు, ఒకడు బొంబాయి అన్నాడు, తక్కినవాళ్లు తలలు దించుకున్నారు. అప్పుడు ఇది బళ్లారి జిల్లా, ఇప్పుడు కర్నూలు జిల్లా. జిల్లా మారినంత సులభంగా మనిషి ఆచూకీ దొరకలేదు. మూడేళ్లు. సోమశేఖరాన్ని రైలెక్కించేటప్పుడు కంబన్న బుర్రలో బసవన్న లేడు, వారం చివరి వాక్యం ఉంది. "బండి కదిలింది. ఆ బండి అతన్ని ఇంటికే తీసుకుపోతుందో లేదో అతనికే తెలియదు." రాసి, చదువుకుని, బాగుంది అనుకుని, కిరసనాయిలు దీపం ఆర్పి పడుకున్నాడు. ఒక మనిషిని రైలెక్కించడానికి పట్టింది అంతే, ఒక సాయంత్రం, అర సీసా సిరా.

ఎండ ప్లాటుఫారం రాళ్లమీద పడి చెప్పుల్లోకి ఎక్కుతోంది. స్టేషను వెనక గుట్టలు, ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చి మరిచిపోయినట్టున్న బండలు, చూస్తూంటే కళ్లు మూతలు పడుతున్నాయి. నిద్ర కాదిది, ముప్పై రెండు వారాల బడలిక. శుక్రవారం పత్రిక వస్తుంది, శనివారం కవరు పోవాలి, ఆదివారం నోటుపుస్తకాలు దిద్దాలి, సోమవారానికి మళ్లీ ఏం జరగాలి అని వెతుక్కోవాలి. ఊరికంతా పత్రిక ఒకటే కాపీ, అది ఖాసిం సాహెబ్ కుట్టుపని అంగడికి వస్తుంది. సాహెబ్ జుమ్మా నమాజు చేసుకుని వచ్చి, మిషను మీద గుడ్డ కప్పి, కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని, అరుగుమీద కూర్చుని గట్టిగా చదువుతాడు. వేరుశెనక్కాయలు వలిచే ఆడవాళ్లు చేటలతో సహా వచ్చి కూర్చుంటారు. మంచి చోటు వచ్చేసరికి సాహెబ్ ఆపి బీడీ ముట్టిస్తాడు, ఆ బీడీ సగం కాలేదాకా ఎవరెంత అరిచినా నోరు విప్పడు. సంపాదకుడికి తెలియదు గాని అతని పత్రికకు ఈ ఊళ్లో ఇంకో సంపాదకుడు ఆ బీడీయే. నిన్న కంబన్న ఆ దారిన పోతుంటే సాహెబ్ భార్య నన్నీ బీ లోపలినుంచి తలుపు సందున పిలిచింది.

"ఏమప్పా మాస్టరూ, ఇంగా యాడుండాడు ఆయప్ప?"

"వస్తాండాడులే నన్నమ్మా."

"నెల దాటిపాయె వస్తాండాడు, వస్తాండాడు అనబట్టి. మా పుట్టింటికి పోయేకి కూడా ఇన్ని దినాలు పట్టలే నాకు."

"టిక్కెట్టన్నా ఉండాదా ఆయప్ప కాడ?" అని అరుగుమీద ఎవరో అంటే, "లేకుంటే మన మాస్టరు ఈపాటికి దింపేసుండునులే," అన్నాడు సాహెబ్ పత్రిక మడుస్తూ. అందరూ నవ్వారు. నెల కిందట ఇలాంటి నవ్వుల్లోనే నన్నీ బీ, పాపం ఆ మనిషికి రైల్లో తిండి ఏమన్నా పెడతాండావా లేదా అని అడిగింది. ఆ మర్నాటినుంచే భీమక్క రొట్టెలు తేవడం మొదలుపెట్టింది. బండి వచ్చి పోయాక వాటిని ఏసేపుకు ఇచ్చి పోతుంది. "నాకేం సార్, నవల ఇంకో ఏడాది రాయండి," అన్నాడు ఏసేపు ఒకరోజు, నవ్వాలో వద్దో తెలియని ముఖంతో.

సంపాదకుడు చెడ్డమనిషి కాదు. మొదటి ఉత్తరంలోనే ఎంతో మర్యాదగా, కంబన్న అని వేస్తే పాఠకులు పురాణం చెప్పే పెద్దమనిషి అనుకుంటారు, కమలాకర్ అని వేద్దామా, బి.ఏ. అని మాత్రం తప్పకుండా ఉంచుదాం అని అడిగాడు. రెండో ఉత్తరం నాలుగు పేజీలు. నవల ఎలా కట్టాలో దాన్లో ఉంది. పావుభాగం వచ్చేసరికి మనిషిని ఇంటినుంచి కదిలించి, వెనక్కిపోయే దారి మూసెయ్యండి. సగం దగ్గర అతనికో వార్త అందించండి, అప్పటిదాకా పాఠకుడు అనుకున్నదంతా తల్లకిందులు కావాలి. ముప్పావు దగ్గర ఇక ఆశ లేదనిపించండి. ఆపైన ఒక్కటే మలుపు, ముగింపు. మలుపుకూ మలుపుకూ మధ్య ప్రతివారం చివర ఒక తలుపు ఓరగా తెరిచి వదలండి, లోపల ఏముందో చూపవద్దు. కంబన్న దాన్ని శ్రద్ధగా చదివాడు. పాఠం ఏదైనా అలాగే చదువుతాడు. బడి నోటుపుస్తకంలో అడ్డంగా గీత గీసి, ముప్పై రెండు భాగాలు చేసి, ఎనిమిది దగ్గర, పదహారు దగ్గర, ఇరవై నాలుగు దగ్గర, ముప్పై రెండు దగ్గర చుక్కలు పెట్టాడు. ఎనిమిది, ఊరు విడిచాడు. పదహారు, భార్య రాసిన కార్డు అందింది. ఇరవై నాలుగు, కూలిన కాలువగట్టు కింద అతను పడిపోయాడని జనం అనుకున్నారు. ఇరవై ఆరులో బతికి రైలెక్కాడు. ముప్పై రెండులో ఇల్లు చేరాలి. కాని పది రోజుల కిందట మూడో ఉత్తరం వచ్చింది. ఉత్తరాలు సంచులతో వస్తున్నాయి, ఈ దశలో ముగించడం పాఠకులకు ద్రోహం చేయడమే, నలభై ఎనిమిదికి పొడిగించండి, ఇప్పుడిక మరొక గట్టి మలుపు కావాలి. కాబట్టి గీతను పక్క పేజీలోకి సాగదీసి మళ్లీ చుక్కలు పెట్టుకున్నాడు. కాబట్టి ఈ కవరులో సోమశేఖరం తన ఊరికి మూడు స్టేషన్ల ఇవతల మంచినీళ్లకని దిగాడు. చెంబు నిండేలోగా బండి కదిలిపోయింది.

మంచినీళ్లకని. అవతల ఆమె లేచి కొళాయి తిప్పింది. రాలేదు. చేతులు చీరకు తుడుచుకుని మళ్లీ కూర్చుంది. కంబన్న చూపు తిప్పుకున్నాడు.

గీతలూ చుక్కలూ సంపాదకుడు ఇప్పుడు చెప్పాడు గాని, ఆ విద్య ఇంట్లో ముందునుంచీ ఉన్నదే. నాయన బావులు తవ్వించే మేస్త్రి. మట్టు అంటే మనిషి నిలువెత్తు లోతు, కూలి మట్టుకింత. రెండు మట్లు మన్ను, ఆ తర్వాత గరుసు, ఆ తర్వాత సుద్దరాయి, అది దాటితే నల్లబండ. ఏ మట్టు దగ్గర రైతు ముఖం వాడిపోతుందో, ఏ మట్టు దగ్గర ఇంక చాలనబోతాడో నాయనకు తెలుసు. అప్పుడు బావిలోంచి పైకొచ్చేటప్పుడు పిడికిలి మూసుకుని వచ్చేవాడు. గట్టుమీదున్న వాళ్లంతా ఆ పిడికిలినే చూసేవాళ్లు. వెంటనే తెరిచేవాడు కాదు, తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుని, కూర్చుని, అప్పుడు తెరిచేవాడు. తడిమన్ను. ఇంకొక్క మట్టు అనేవాడు. కంబన్న కాలేజీ సెలవుల్లో కోయిలకుంట్ల దగ్గర ఒక విధవావిడ చేనులో పనిచేస్తున్న నాయన దగ్గరికి పోయాడు, పదిహేడేళ్లప్పుడు. తొమ్మిదో మట్టు. తట్ట ఎత్తడానికి లోపలికి దిగిన కంబన్న చూశాడు. నాయన తాగే నీళ్ల ముంతను వంచి, గుప్పెడు రాతిపొడి తడిపి, పిడికిలి మూశాడు. కొడుకు చూశాడని చూసి కూడా మూసిన పిడికిలి తెరవలేదు. "యేమి రా," అన్నాడు నిదానంగా, "ఆయమ్మ ఇప్పుడు ఆపితే నీ చదువు కూడా ఆడికే ఆగుతాది." పైన ఆవిడ ఆ మన్ను చేతిలోకి తీసుకుని చెంపకు ఆనించుకుంది, చల్లగా ఉందని. పన్నెండో మట్టు దాకా తవ్వారు. ఆ ఏడు కంబన్న పరీక్ష ప్యాసయ్యాడు. నాయన పోయి నాలుగేళ్లు. కొడుకు బి.ఏ. అయ్యాడని చెప్పుకుని సంతోషంగానే పోయాడు. నాయనమీద అతనికి కోపం రాలేదు, ఎన్నడూ రాలేదు, అదే కదా కష్టం. కోపం వచ్చి ఉంటే ఆ పని తాను చేయకుండా ఉండేవాడేమో.

జేబులో ఉన్న కార్డు చొక్కా తడికి మెత్తబడింది. శనివారం శనివారం తెస్తాడు, మళ్లీ తీసుకుపోతాడు. బడి వదిలాక సాయంత్రాలు ఊళ్లోవాళ్లకు కార్డులు రాయడం అతనికి ఉద్యోగంలో చేరినప్పటినుంచి అలవాటు. ఇంట్లో మొదటగా చదువుకున్నవాడు రాయకపోతే ఎవరు రాస్తారు. హోస్పేటకు, షోలాపూరుకు, బొంబాయికి, ఎవరి మాటలు వాళ్లు చెప్తారు, తాను రాస్తాడు, చివర చదివి వినిపిస్తాడు. రెండేళ్ల కిందట ఒక సాయంత్రం భీమక్క అలాగే వచ్చి వసారాలో స్తంభానికి ఆనుకుంది. రాయవలసిన మాట గోడ వైపు చూస్తూ చెప్పింది. "ఆ పొద్దు గంజికేంద్రం కాడ నేను అనిన మాట మనసులో పెట్టుకోవద్దు. అది ఆకలి అనిన మాట, నేను అనింది కాదు." ఏ మాట అని కంబన్న అడగలేదు. అడక్కపోయినా ఊళ్లో తెలుసు. పదిమంది ఎదుట, నీయట్లాంటి మొగోడు ఇంట్లో ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే అంది, బసవన్న చేతిలో గంజి చట్టి అట్లాగే పట్టుకుని నిలబడిపోయాడు. ఎనిమిదో రోజుకు ఊళ్లో లేడు. కార్డు కాలువ క్యాంపుకు పోయింది. తిరుగు చిరునామా బడిది, కాబట్టి ఇరవై రోజులకు బడికే తిరిగొచ్చింది, ఈ పేరుగల మనిషి ఇక్కడ లేడని అడ్డంగా రాసి, నల్లటి ముద్ర కొట్టి. ఆ సాయంత్రం చెబుదామనుకున్నాడు. ఆమె గడపలో కూర్చుని జొన్నలు చెరుగుతోంది. ఎప్పుడూ లేంది కూనిరాగం తీస్తోంది. కార్డు టపాలో పోయిందన్న ధైర్యం. రేపు చెబుదాంలే అనుకున్నాడు. అది జాలే, నిజంగా జాలే. ఆ రేపు వారమైంది, నెల అయింది, ఆపైన చెప్పడానికి ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి. సంపాదకుడు సగం దగ్గర ఒక వార్త కావాలన్నప్పుడు సొరుగులో చేయి పెడితే ఆ కార్డే తగిలింది. "ఆనాడు నేనన్న మాట మనసులో ఉంచుకోకండి. అది ఆకలి అన్న మాట, నేనన్నది కాదు." భాష కాస్త దిద్దాడు. బెజవాడనుంచి, ఏలూరునుంచి, రాజమండ్రినుంచి ఉత్తరాలు వచ్చాయి. ఆ ఒక్క వాక్యానికి కన్నీళ్లు పెట్టుకున్నామని ముగ్గురు రాశారు. సంపాదకుడు, మీకు స్త్రీ హృదయం తెలుసునండీ అని రాశాడు.

ఆ వారం సాహెబ్ ఆ వాక్యం చదివి బీడీ ముట్టించాడట. చేటలో కాయలు చేటలోనే వదిలి భీమక్క లేచి వెళ్లిపోయిందట. మర్నాడు బడి గంట కొట్టకముందే వచ్చింది, కొంగులో రెండు శేర్ల శెనక్కాయలు. మేజాబల్ల మీద పోసింది. "చేరిందని నాకు చెప్పకపోతివే అయివారూ," అంది. మందలింపుగా కూడా కాదు, నవ్వుతూ. ఆమె నవ్వగా అతను చూడటం అదే మొదలు. చేరలేదని చెప్పడానికి అప్పుడు గంటసేపు అవసరం లేదు, కాగితం అవసరం లేదు. కంబన్న "ఊఁ" అన్నాడు. అంతే. ఆ ఒక్క ఊఁ మీద ఆమె మిగతాదంతా తనే కట్టుకుంది. మొగుడు అయివారికి రహస్యంగా రాస్తున్నాడు, ముఖం చెల్లక తనకు రాయడం లేదు, అయివారు పేరు మార్చి అచ్చులో వేసి తనకు తెలియజేస్తున్నారు. తప్పేముంది అలా అనుకోవడంలో. ఊళ్లో ఎవరి కబురు వచ్చినా కంబన్న చదివితేనే కదా వాళ్లకు తెలిసేది. అతను కాగితం చూసి చెప్పిందల్లా ఇన్నేళ్లూ నిజమే అయింది. ఇరవై నాలుగో వారం, గట్టు కూలిన వారం, ఆమె రెండు దినాలు పొయ్యి వెలిగించలేదని తర్వాత తెలిసింది. ఆ వారం సంపాదకుడికి వచ్చిన ఉత్తరాలు నూట పన్నెండు.

పేడపురుగొకటి పేడ ఉండను దొర్లించుకుంటూ బెంచీ కాలిదాకా వచ్చి, అడ్డం తగిలి, వెనక్కి తిరిగి మళ్లీ మొదలుపెట్టింది. కళ్లు మండుతున్నాయి. చంపేస్తే. ముప్పై మూడో వారంలో సోమశేఖరం పట్టాల పక్కన దొరికితే. ఆమె ఏడుస్తుంది, గాజులు తీస్తుంది, సోమవారం ఆమెను మారుమనువు అడగడానికి వచ్చేవాళ్లు మళ్లీ ఆర్నెల్లకు వస్తారు, అప్పుడు సరేనంటుంది. చక్కగా ఉంటుంది, ముప్పావు దగ్గర ఆశ చావాలి కదా. కాని ఎక్కడో షోలాపూరులో బతికే ఉన్నాడేమో, ఆ మనిషిని ఇక్కడ చంపడానికి తానెవరు. ఇంటికి చేర్చేస్తే. చేర్చిన వారం ఆమె ఈ ప్లాటుఫారం మీద ఏం చూస్తుంది. ఎటు తిప్పినా పిడికిలిలో ఉన్నది తన ముంతనీళ్లే.

సోమవారం ఎల్లుండే. ఆమె అన్న శేషన్న నిన్న సాయంత్రం ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు, తలగుడ్డ చేతిలో పట్టుకుని నలుపుతూ నిలబడ్డాడు.

"అయివారూ, నీ కత ఎప్పుటికి అయిపోతాదప్పా?"

"ఎందుకు శేషన్నా?"

"కౌతాళమోళ్లు సోమవారం వస్తాండారు మారుమనువు మాటకి. మంచోడు, పెండ్లాం పోయి ఏడాదాయె, పిల్లాజెల్లా లేరు. ఇది మూడోతూరి వాళ్లు వచ్చేది. ఈతూరి కూడా కాదంటే ఇంక మన గడప తొక్కరు. ఇదేమో, అయివారి కత అయిపోనీ, అంతదంకా ఎవరూ నోరెత్తద్దండి అంటాది."

"అది కత శేషన్నా. నేను కల్పించి రాసేది."

"నాకు తెల్సులేప్పా. నేనేమన్నా అడిగితినా నిన్ను," అన్నాడు శేషన్న. "దానికి చెప్పు. నేను చెప్తే, నీకేం తెల్సు సదువు రానోనికి అంటాది. నువ్వు చెప్తే వింటాది. ఆయప్పకు కార్డు రాసినోనివి నువ్వే కదా." గడప దాకా పోయి వెనక్కి తిరిగాడు. "వానికోసం కాచుకుంటా అని నువ్వు చెప్పు అంటే, సరే, కాచుకోనీ. దాని ఇష్టం. యాడో రైల్లో ఉండాడని కాచుకుండేది మాత్రం నేను చూడలేనప్పా."

దూరాన, కైరవాడి స్టేషను వైపున, వేడిలో వణుకుతూ సిగ్నలు చెయ్యి కిందికి వాలింది. ఏసేపు జెండా చుట్టుకుంటూ బయటికి వచ్చాడు. పది నిమిషాలు. అవతల ఆమె లేచి నిలబడి కొంగు సర్దుకుంది. ప్రతి శనివారం ఇక్కడే, ఈ పది నిమిషాల్లోనే, రేపు చెబుదాం అనుకుంటాడు. ఈ రోజు కూడా అనుకోవడానికి ఒంట్లో ఓపిక లేకపోయింది. ధైర్యం వచ్చిందని ఎవరైనా అంటే అతను ఒప్పుకోడు. ఇంకొక వారం మోయలేడు, అంతే. కాళ్లు లేచాయి. నీడ దాటి ఎండలోకి నడిచాడు.

"ఏమి అయివారూ, కవరు ఇచ్చేకొస్తివా," అంది భీమక్క. "ఈ పొద్దు శానా లేటు."

"భీమక్కా, ఒక మాట చెప్పల్ల నీకు."

"చెప్పు."

"బసవన్న సంగతి నాకేమీ తెలీదు. యాడుండాడో తెలీదు. నాకెవరూ రాయలే. ఆ రైలు నేను ఇంట్లో కూర్చోని రాసిండేది. దాంట్లో ఎవరూ లేరు."

ఆమె పట్టాల వైపే చూస్తోంది. "పోయినాడా?" అంది.

"తెలీదంటాండా కదా."

"పోయిండే మాట చెప్పేకి నోరు రాక తెలీదంటాండావేమో."

"కాదు. నిజంగా తెలీదు. ఉండాడని తెలీదు, పోయినాడని తెలీదు." ఈ మాట ఎంత చిన్నదో, ఎంత చప్పగా ఉందో, ఏ వారం చివరా పనికిరాదు. ఆమె నమ్మలేదని ముఖం చూస్తే తెలుస్తోంది. ఇన్నాళ్లు నమ్మించినవాడు ఇప్పుడొచ్చి నమ్మొద్దంటే ఎట్లా నమ్ముతుంది.

"మరి నేను జెప్పిన మాట పేపర్లో ఎట్లొచ్చె?" అంది. "అది నాకూ ఆయప్పకూ తెల్సు. ఆయప్ప చెప్పకుంటే..." అక్కడ ఆగిపోయింది. నెమ్మదిగా కంబన్న వైపు తిరిగింది. అతని ముఖం చూడలేదు, కుడిచేయి చూసింది, సుద్ద అంటుకున్న వేళ్లను. "నీకు తెల్సు," అంది. "రాసినోనివి నువ్వే."

"నేనే."

"అట్లయితే ఆ కార్డు ఆయప్పకు చేరలే."

"చేరలే. తిరుక్కోని వచ్చింది. రెండేండ్లకు మీద ఆయె. నేనే పెట్టుకున్నా, నీకు చెప్పకుండా." జేబులోంచి తీశాడు. అంచులు అరిగిపోయి, మధ్యలో మడత దగ్గర సిరా కరిగి ఉంది. ఆమె రెండు చేతులా అందుకుంది, తిప్పింది, మళ్లీ తిప్పింది. ముద్ర మీద బొటనవేలు పెట్టింది.

"ఈ నల్లటిదేమి?"

"మనిషి లేడని కొట్టిండేది."

"చేరిందనుకోనుంటిని," అంది. చేరింది కాబట్టి కోపం పోయిందనుకుంది, కోపం పోయింది కాబట్టి వస్తాడనుకుంది. రొట్టెలు కాల్చింది, సోమవారాలు వెనక్కి నెట్టింది. అదంతా ఆ ఒక్క మాటలో కంబన్నకు వినపడింది. విన్నంతసేపు ఆమెకేసి చూడాలని, చూపు తిప్పుకోకూడదని నిలబడ్డాడు. అంతకన్న అతను చేయగలిగింది లేదు.

"చదువుదునా?" అన్నాడు.

"వద్దు. నేను జెప్పిండేదే కదా."

బండి వచ్చింది. పొగ, బూడిద, ఇనుము కాలిన వాసన. తలుపులు తెరుచుకున్నాయి, మిరపకాయల మూటలు దిగాయి, ఒక ముసలాయన, ఇద్దరు ఆడవాళ్లు. భీమక్క కదలదనుకున్నాడు. కాని ఆమె కార్డు కొంగున ముడివేసి, మొదటి పెట్టెనుంచి మొదలుపెట్టి, ప్రతి కిటికీలోకీ తొంగిచూస్తూ, తొందర లేకుండా, కొసదాకా నడిచిపోయింది. టపా పెట్టెలోంచి గుమాస్తా చెయ్యి చాపాడు. "ఏం సార్, ఈ వారం లావుగా ఉందే," అన్నాడు, కవరు వంక చూస్తూ. చాపిన చెయ్యి అలాగే ఉంది, దానిమీద చెమట, మణికట్టుకు రాగికడియం. ముప్పై ఒక్క వారాలు అతను ఆ చేతిని సరిగ్గా చూడనే లేదు. "ఈ వారం లేదండీ," అన్నాడు కంబన్న. "ఆ చేతిలోది?" "ఇది కాదు." గుమాస్తా భుజాలు ఎగరేశాడు. ఏసేపు జెండా ఊపాడు. సంపాదకుడు ఏమనుకుంటాడు, బెజవాడవాళ్లు, ఏలూరువాళ్లు ఏమనుకుంటారు, చెంబు పట్టుకుని ఏదో స్టేషనులో నిలబడ్డ సోమశేఖరం ఏమవుతాడు, అన్నీ వస్తాయి, రాత్రికి వస్తాయి, రేపు వస్తాయి, ఇప్పుడు మాత్రం ఒళ్లంతా ఖాళీగా, జ్వరం విడిచినట్టు ఉంది.

బండి పోయాక ప్లాటుఫారం ఒక్కసారిగా వెలుతురైంది. ఆమె ఆ కొసనుంచి తిరిగి వస్తోంది. ఏడ్చినట్టు లేదు. దగ్గరికొచ్చి ఆగింది, పోతూ ఏదైనా అంటుందని, తిడుతుందని కంబన్న చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె కొంగు ముడి సర్దుకుని కదలబోతుంటే తానే అడిగాడు. ముప్పై ఒక్క వారాలు తర్వాతేమిటో తెలిసినవాడిగా తిరిగిన మనిషి, ఇప్పుడు నిజంగా తెలియక అడిగాడు.

"సోమవారం మీ అన్నకు ఏం చెప్తావు భీమక్కా?"

ఆమె అతన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసింది.

"అది నీకెందుకు అయివారూ," అంది కోపమేమీ లేకుండా, ప్లాటుఫారం దిగి పట్టాలమీద కాలు పెడుతూ. "నీకు చెప్తే పేపర్లో యేస్తావు."